హనుమకొండ నుంచి సిల్చార్‌కు పదిహేను మేడారాలు

"ఎంత దూరం ఉంటదే ఆ ఊరు?" అని అత్తమ్మ అడిగింది. నా దగ్గర జవాబు లేదు. జోసా కౌన్సెలింగ్ చివరి రౌండులో మా బిడ్డకు సిల్చార్ ఎన్‌ఐటీలో సీటు వచ్చిందని తెలిసి అప్పటికి పది నిమిషాలు కూడా కాలేదు. మా డాబా ఎక్కి చూస్తే కాజీపేట రోడ్డు మీది మన ఎన్‌ఐటీ చెట్లు కనిపిస్తాయి. అత్తమ్మ దాన్ని ఇప్పటికీ ఆర్ఈసీ అనే అంటుంది. 1959లో మొదలైన ఆ కాలేజీ పక్కనే పుట్టి పెరిగిన పిల్లకు అందులో అందలేదు. అసోంలో, బరాక్ లోయలో ఉన్న ఇంకో ఎన్‌ఐటీలో వచ్చింది.

అత్తమ్మకు కిలోమీటర్లు చెప్తే అందదు. ఆమెకు దూరం అంటే మేడారం. జాతరకు ఎడ్లబండి కట్టుకుని పోయిన మనిషి. "మేడారం కంటే ఎక్కువనా?" అని మళ్ళీ అడిగింది. "లెక్క చూసి చెప్తా అత్తమ్మా" అన్నాను.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచర్ని. ఫోన్లో కొడితే దూరం వచ్చేస్తుంది, కానీ నాకు చేత్తో వేసి చూడాలనిపించింది. బహుశా ఆ రాత్రి టెన్షన్ తగ్గడానికి చేతికి ఏదో ఒక పని కావాలి. అట్లాస్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. హనుమకొండ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.6 డిగ్రీల తూర్పు రేఖాంశం. సిల్చార్ 24.8, 92.8. అంటే మనకంటే 6.8 డిగ్రీలు పైకి, 13.2 డిగ్రీలు తూర్పుకి. అక్షాంశం ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్లు. రేఖాంశం డిగ్రీ మాత్రం భూమధ్యరేఖ నుంచి పైకి పోయిన కొద్దీ చిన్నదవుతుంది, ఈ రెండు ఊళ్ళ నడిమి అక్షాంశం దగ్గర దాదాపు 103.5 కిలోమీటర్లు. పైకి 755, పక్కకు 1,366. పైథాగరస్ సూత్రం వేస్తే 1,560 కిలోమీటర్లు వచ్చింది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి ఇంత దూరానికి ఈ లెక్క పూర్తిగా కచ్చితం కాదు, కానీ బిడ్డ ఫోన్లో చూసిన అంకెకు నాలుగైదు కిలోమీటర్ల తేడాతో సరిపోయింది.

మేడారం మాకు వంద కిలోమీటర్ల పైచిలుకు. దాంతో భాగించి పొద్దున్నే అత్తమ్మకు చెప్పాను: "పదిహేను మేడారాలు." ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, ఏమీ అనకుండా పూజ గదిలోకి పోయింది.

అయితే ఆ 1,560 పక్షికి మాత్రమే పనికొచ్చే దూరం. అట్లాస్‌లో రెండు ఊళ్ళ మధ్య స్కేలు పెట్టి గీత గీస్తే అది ఒడిశా మీదుగా పోయి బంగ్లాదేశ్‌ను అడ్డంగా కోస్తుంది. రైలైనా, కారైనా ఆ దేశంలోంచి పోవు. పైకి సిలిగురి దాకా వెళ్ళి, చికెన్ నెక్ అనే ఆ ఇరవై కిలోమీటర్ల సన్నటి మెడలోంచి దూరి, అసోంలోకి దిగి, గువాహటి దాటి మళ్ళీ దక్షిణానికి రావాలి. అందుకే రైలు దారి 2,500 కిలోమీటర్లు దాటిపోతుంది. దారిలోనే రెండు రాత్రులకు పైగా గడుస్తాయి. దానికి తోడు చివరి భాగం లమ్డింగ్ నుంచి బదర్‌పూర్ దాకా కొండల్లో పోతుంది. ఆ మార్గాన్ని 2015లో బ్రాడ్‌గేజ్ చేశారు. 2022 మే వానల్లో అక్కడ కొండచరియలు విరిగి న్యూ హాఫ్‌లాంగ్ స్టేషన్ మట్టిలో కూరుకుపోయింది. ఆ ఫొటోలు మావారు ఎక్కడో చూశారు. బిడ్డ చేరాల్సింది ఆగస్టులో, అంటే నిండు వానాకాలం. "రైలు వద్దు, అప్పైనా సరే ఫ్లైట్‌లో పోండి" అని ఆయన తేల్చేశారు.

"పోండి" అన్నారు గానీ "పోదాం" అనలేదు. ఆయనది ఎరువుల దుకాణం. ఆగస్టులో యూరియా కోసం రైతులు తెల్లవారుజామునే వచ్చి నిలబడతారు. ఆ సమయంలో షట్టర్ వేసి పోవడం కుదరదు. కాబట్టి బిడ్డను తీసుకుని నేనే వెళ్ళాలి. అప్పటిదాకా నేను విమానం ఎక్కలేదు.

మనకు మామునూరు ఉంది కదా అని చాలామంది అన్నారు. ఉంది. 1930లో నిజాం కాలంలో కట్టిన విమానాశ్రయం. 1981 వరకు నడిచింది. ఖమ్మం రోడ్డులో పోతుంటే ఆ ఖాళీ నేల కనిపిస్తుంది. దానికి డబ్ల్యూజీసీ అనే మూడక్షరాల కోడ్ కూడా ఉంది. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం రాకూడదన్న షరతు చాలా ఏళ్ళు అడ్డుపడింది. నేను వేసిన లెక్కలో మామునూరు నుంచి శంషాబాద్‌కు గాలి దారిన దాదాపు 145 వచ్చింది. ఆ కొద్దిపాటి తక్కువతోనే అడ్డం అన్నమాట. 2025లో కేంద్రం మామునూరుకు పచ్చజెండా ఊపింది. భూసేకరణ డబ్బులు అంతకుముందే మంజూరయ్యాయి. అక్కడ విమానం దిగే రోజు కోసం నేను నిజంగా ఎదురుచూస్తున్నాను. కానీ మా ప్రయాణం రోజుకు డబ్ల్యూజీసీ అనేది కాగితం మీది కోడే.

అంటే సిల్చార్‌కు పోవాలంటే ముందు దానికి వ్యతిరేక దిక్కున, పడమటికి 170 కిలోమీటర్లు రోడ్డు మీద శంషాబాద్ పోవాలి. అక్కడి నుంచి కోల్‌కతా, సుమారు 1,200 కిలోమీటర్లు. కోల్‌కతాలో మారి సిల్చార్, ఇంకో 525. దిగాక కాలేజీకి మళ్ళీ 30 కిలోమీటర్ల రోడ్డు. మొత్తం కలిపితే 1,925. రైలు దారికంటే ఇదీ నయమే.

ఇక సమయం. కోల్‌కతాకు 2 గంటల 10 నిమిషాలు, సిల్చార్‌కు 1 గంట 10 నిమిషాలు అని టికెట్లలో చూపించింది. పిల్లలకు వేగం ఎంతో కనుక్కోమని రోజూ లెక్కలిచ్చే నాకు అక్కడే అనుమానం వచ్చింది. జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లకు పైగా పోతుందంటారు. 1,200 కిలోమీటర్లకు గంటన్నర చాలాలి. 525కు నలభై నిమిషాలే. మరి ఇంత ఎందుకు? తర్వాత తెలిసింది, టికెట్ మీద ఉండేది గాల్లో ఉన్న సమయం కాదు. విమానం గేటు దగ్గర కదిలిన నిమిషం నుంచి, అవతలి ఊళ్ళో గేటు దగ్గర ఆగే నిమిషం దాకా లెక్క. రన్‌వే దాకా మెల్లగా పోవడం, తన వంతు కోసం ఆగడం, పైకి ఎక్కడం, కిందికి దిగడం అన్నీ అందులోనే. ఈ ఎక్కుడు దిగుడు ఖర్చు దగ్గరి ఊరికైనా దూరపు ఊరికైనా దాదాపు ఒకటే. అందుకే ప్రయాణం ఎంత చిన్నదైతే సగటు వేగం అంత పడిపోతుంది. కోల్‌కతా దాకా సగటు 550, సిల్చార్ దాకా 450 వచ్చింది. అదే లెక్కన ఇక్కడి నుంచి నేరుగా విమానం ఉంటే రెండున్నర గంటల పైన ఏ పదినిమిషాలో పట్టేది.

టికెట్ కొనేటప్పుడు మా వీధి పిల్లాడు ఒకడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, తరచూ తిరిగేవాడు, మంచి మాట చెప్పాడు. "పెద్దమ్మా, రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ మీద తీసుకోండి. విడివిడిగా కొంటే రెండు వేలు తగ్గుతది గానీ, మొదటిది లేటైతే రెండోదానితో వాళ్ళకు సంబంధం ఉండదు. ఒకే టికెట్ అయితే మిమ్మల్ని చేర్చే బాధ్యత వాళ్ళదే. లగేజీ కూడా నేరుగా సిల్చార్‌లోనే తీసుకోవచ్చు." పోయేటప్పుడు ఆ మాట విన్నాను. కోల్‌కతాలో మూడున్నర గంటల వ్యవధి ఉండేలా చూసి తీసుకున్నాం.

తిరుగు టికెట్ నా ఒక్కదానిదే. ఫీజులు, హాస్టల్, మెస్ డబ్బులు కట్టాక చేతిలో మిగిలింది తక్కువ. అక్కడ రెండు వేల మూడు వందలు మిగులుతాయని విడివిడిగా కొన్నాను. దాని సంగతి తర్వాత చెప్తాను.

అసోంకు పర్మిట్ కావాలని బంధువుల్లో ఒకరు భయపెట్టారు. వాకబు చేస్తే, ఇన్నర్ లైన్ పర్మిట్ మిజోరం, మణిపూర్, నాగాలాండ్, అరుణాచల్‌కు కావాలి, అసోంకు అక్కర్లేదు. సిల్చార్ ఆ మిజోరం, మణిపూర్‌లకు దగ్గర కాబట్టి జనం కలిపేసుకుంటారు.

సామాను సర్దడం మాత్రం రెండు రోజుల పని అయింది. చెక్-ఇన్ లగేజీ మనిషికి 15 కిలోలు, చేతి సంచి 7 కిలోలు. నా బట్టలు రెండు జతలు చేతి సంచిలో పెట్టుకుని, 30 కిలోలూ బిడ్డకే వదిలాను. మావారు రెండు సూట్‌కేసులనూ దుకాణానికి తీసుకెళ్ళి, యూరియా బస్తాలు తూచే కాటా మీద పెట్టి చూశారు. ఒకటి 14 కిలోల 800, ఇంకోటి 16 కిలోల 200. ఇంటికి తెచ్చి విప్పితే పెద్ద సూట్‌కేసు అడుగున ఎర్ర గుడ్డలో మూట కట్టిన అయిదు కుడుకలు కనిపించాయి. అత్తమ్మ ఎవరికీ చెప్పకుండా పెట్టింది. కొత్త చోటికి పోయే ఆడపిల్ల వెంట కుడుకలు, పసుపు, కుంకుమ ఉండాలని ఆమె పట్టుదల. విమానంలో ఎండు కొబ్బరి నిషేధం, అందులో నూనె ఎక్కువ కాబట్టి తొందరగా అంటుకుంటుందని భయం. ఆ సంగతి అత్తమ్మకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. బిడ్డే పక్కన కూర్చుని చెప్పింది. "నానమ్మా, ఇవి తీసుకోరంట. పసుపు కుంకుమ నా సంచిలోనే పెట్టుకుంటా." అత్తమ్మ కుడుకలు తీసి ఒక్కొక్కటి చీర కొంగుతో తుడిచి మళ్ళీ డబ్బాలో వేసింది.

మామిడికాయ తొక్కు చెక్-ఇన్‌లోకి పోయింది. గాజు సీసా కాకుండా ప్లాస్టిక్ డబ్బా, మూత కింద పాలిథిన్ కవర్, పైన చుట్టూ టేపు, దాని మీద మళ్ళీ ఇంకో కవర్. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్‌లో పెట్టకూడదు. సకినాలు స్టీలు డబ్బాలో నా చేతి సంచిలో. సంక్రాంతి కాకపోయినా వాటి కోసం రెండు రోజులు బియ్యం నానబెట్టి, పిండి పట్టించి, నేనూ అత్తమ్మా గుడ్డ మీద చుట్టాం. సూట్‌కేసులో వేస్తే పిండి అయిపోతాయి.

రాత్రి 11:45కు ఇంట్లోంచి బయల్దేరాం. మా మరిది కారు. మావారు శంషాబాద్ దాకా వచ్చారు. మడికొండ, స్టేషన్ ఘన్‌పూర్, కోమల్ల టోల్‌గేట్, జనగామలో టీ. ఆలేరు దాటాక బిడ్డ నా భుజం మీద నిద్రపోయింది. భువనగిరి గుట్ట చీకట్లో ఇంకా నల్లగా కనిపించింది. బీబీనగర్ దగ్గర ఇంకో టోల్, ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్. ఎయిర్‌పోర్టు ముందు దిగేసరికి 3:10. మావారు బిడ్డ తల మీద చెయ్యి పెట్టి "పైలం బిడ్డా" అన్నారు, అంతే. ఇంకో మాట రాలేదు. లోపలికి పోయాక అద్దంలోంచి చూస్తే ఇద్దరూ అక్కడే నిలబడి ఉన్నారు.

ఎయిర్‌పోర్టులో నేను భయపడినంత ఏమీ లేదు. కౌంటర్‌లో అమ్మాయి రెండు విమానాల బోర్డింగ్ పాసులూ అక్కడే ఇచ్చింది. సూట్‌కేసులకు కట్టిన చీటీ మీద ఐఎక్స్ఎస్ అని ఉంది. అది సిల్చార్ కోడ్. ఆ చీటీ సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలని ముందే తెలుసు కాబట్టి రెండుసార్లు చదివాను. సెక్యూరిటీలో సకినాల డబ్బా తెరవమన్నారు. సీఐఎస్ఎఫ్ ఆమె మూత తీసి చూసి, ఇవేమిటని హిందీలో అడిగింది. బియ్యప్పిండి, నువ్వులు, వాము అని చెప్పాను. మూత తనే గట్టిగా నొక్కి పెట్టి ఇచ్చింది.

విమానం 5:40కి కదిలింది. ఎక్కేటప్పుడు ఇంకా చీకటే. పైకి లేచిన కాసేపటికే ఎదుటి నుంచి ఒక్కసారిగా వెలుగు వచ్చింది. తూర్పుకు పోతున్నాం కదా, సూర్యుడికి ఎదురెళ్తున్నట్టే. బిడ్డ కిటికీకి ముఖం ఆనించి కూర్చుంది. నేను గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. 7:50కి కోల్‌కతాలో ఆగింది, టికెట్‌లో చెప్పిన నిమిషానికి. అందులో చక్రాలు నేల మీద ఉన్న సమయం తీసేస్తే గాల్లో ఉన్నది గంటా నలభై అయిదు నిమిషాలే.

కోల్‌కతాలో మూడున్నర గంటలు ఇడ్లీ లేని ఎయిర్‌పోర్టులో లుచీ, ఆలూ తిని కూర్చున్నాం. కాళ్ళు లాగాయి గానీ మనసు నిబ్బరంగా ఉంది.

రెండో విమానం గురించి ఎక్కువ చెప్పాలి. ఎగిరిన పావుగంటకే కింద నేల కనపడటం మానేసింది. అంతా నీళ్ళే. అది బంగ్లాదేశ్. వానాకాలంలో అక్కడి పల్లపు నేలలన్నీ నిండి సముద్రంలా అవుతాయి, వాటిని హావోర్‌లు అంటారని పక్క సీటు పెద్దాయన చెప్పారు. మన పాకాల, లక్నవరం, రామప్ప పక్కపక్కన పెట్టి ఇంకా వందసార్లు పరిచినట్టు ఉంది. ఆ నీళ్ళ మధ్య చిన్న చిన్న దిబ్బల మీద ఊళ్ళు, రేకుల ఇళ్ళు తళుక్కుమంటున్నాయి. బరాక్ నది సరిహద్దు దగ్గర సుర్మా, కుషియారా అని రెండుగా చీలి ఆ నీళ్ళలోకే పోతుందట. అట్లాస్‌లో నేను గీసిన పెన్సిలు గీత ఈ నీళ్ళ మీదుగానే పోయింది. రైలు ఎందుకు అంత చుట్టు తిరగాలో పుస్తకంలో చూసి తెలుసుకున్నాను గానీ, పైనుంచి చూశాకే మనసుకు ఎక్కింది.

తర్వాత పచ్చటి చిన్న గుట్టలు, వాటి మీద దువ్వినట్టు తేయాకు తోటలు. ఆ తోటల మధ్యే సిల్చార్ విమానాశ్రయం. కుంభీర్‌గ్రామ్ అంటారు, 1944లో రెండో ప్రపంచ యుద్ధం సమయంలో బ్రిటిష్ వాళ్ళు కట్టింది. ఇప్పటికీ వైమానిక దళం చేతిలో ఉంది కాబట్టి ఫొటోలు తీయొద్దన్నారు. సూట్‌కేసులు రెండూ వచ్చాయి. తొక్కు డబ్బా చుక్క కారలేదు. టాక్సీలో కాలేజీ గేటు చేరేసరికి మధ్యాహ్నం 2:15. ఇంటి గడప నుంచి కాలేజీ గేటు దాకా పద్నాలుగున్నర గంటలు. అందులో టికెట్ మీద ఉన్న విమాన సమయం 3 గంటల 20 నిమిషాలు. గీత దూరాన్ని మొత్తం సమయంతో భాగిస్తే గంటకు 108 కిలోమీటర్లు. దూరపు చిన్న ఊరికి విమానంలో పోవడమంటే అసలు వేగం అది.

హాస్టల్ గది, పరుపు, బకెట్టు, దోమతెర కొనేసరికి సాయంత్రం అయింది. సిల్చార్ లాడ్జిలో దిగి మావారికి వీడియో కాల్ చేశాను. ఆరుంబావు. మా కిటికీ బయట చీకటి పడిపోయింది. ఫోన్లో ఆయన దుకాణం ముందు ఎండ ఇంకా నేల మీద ఉంది, వెనక రైతులు బస్తాలు బండికి ఎత్తుతున్నారు. ఇద్దరి గడియారాల్లోనూ ఒకటే టైము. దేశమంతటికీ ఒకే గడియారం, కానీ పదమూడు డిగ్రీల తేడాకు సూర్యుడు దాదాపు గంట ముందు వస్తాడు, ముందే పోతాడు. "అప్పుడే రాత్రైందా అక్కడ?" అని ఆయన గొంతు ఒకలా అయిపోయింది. 1,560 అని అంకె చెప్పినప్పుడు కలగని దూరం ఆయనకు అప్పుడు కలిగింది. మర్నాడు పొద్దున అయిదుకు ముందే బాగా తెల్లవారింది. బిడ్డకు చెప్పాను, ఇక్కడ సాయంత్రం పనులు తొందరగా ముగించుకోవాలి, చీకటి మన దగ్గరలా కాదు అని.

మిగిలిన ఒకరోజులో, రైళ్ళ సంగతి కనుక్కుందామని సిల్చార్ స్టేషన్‌కు వెళ్ళాను. అక్కడ ఒక స్మారకం ఉంది. 1961 మే 19న బెంగాలీ భాషను అధికార భాషగా గుర్తించాలని ఆ స్టేషన్‌లో సత్యాగ్రహం చేస్తుంటే పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు. భాష కోసం, ప్రాంతం కోసం ప్రాణాలు పోయిన చరిత్ర మన దగ్గరి వాళ్ళకు వివరించి చెప్పాల్సిన పని లేదు. కాసేపు నిలబడి వచ్చాను. ఆ ఊరు నాకు అప్పుడు కొంచెం దగ్గరైంది.

తిరుగు ప్రయాణం రోజు వాన. నా విమానం మధ్యాహ్నం 1:05కు. కోల్‌కతా నుంచి హైదరాబాద్ విమానం సాయంత్రం 5:20కు, వేరే టికెట్ మీద. మధ్యలో మూడు గంటలు ఉంది కదా అని ధీమాగా ఉన్నాను. ఒంటిగంట దాటింది, రెండు దాటింది. మబ్బు కిందికి దిగి ఉంది, రావాల్సిన విమానం దిగలేక వేరే చోటికి పోయిందన్నారు. రెండు గంటలకు మించి ఆలస్యమైతే తినడానికి ఇవ్వాలని నిబంధన ఉంది, ఒక శాండ్‌విచ్, నీళ్ళ సీసా ఇచ్చారు. విమానం కదిలింది 4:40కి. కోల్‌కతాలో దిగేసరికి 5:50. నా హైదరాబాద్ విమానం అప్పటికే పోయింది.

కౌంటర్‌కు పోతే ఆ అబ్బాయి మర్యాదగానే చెప్పాడు: ఇది వేరే బుకింగ్, మీరు రాలేదని నమోదైంది, టికెట్ డబ్బు రాదు, పన్నులూ ఎయిర్‌పోర్టు ఫీజులూ మాత్రం అడిగితే తిరిగొస్తాయి. ఆలస్యం చేసిన కంపెనీని అడిగితే వాతావరణం వల్ల కాబట్టి పరిహారం ఉండదన్నారు. ఇద్దరి మాటా నిబంధన ప్రకారం సరైనదే. మధ్యలో నేను ఉన్నాను. మర్నాటి పొద్దుటి విమానానికి 8,900 పెట్టి కొత్త టికెట్ కొన్నాను. రెండు వేల మూడు వందలు మిగిలించబోయి పోగొట్టుకున్నది అది. మావారు ఒక్క మాట అనలేదు. "నువ్వు బాగున్నావా?" అని మాత్రం గంటకోసారి ఫోన్ చేశారు.

రాత్రి బయటికి పోవడానికి ధైర్యం చాలలేదు. టెర్మినల్‌లోనే కుర్చీలో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పదకొండు గంటలప్పుడు ఆకలేసి సంచి విప్పితే, స్టీలు డబ్బా అందులోనే ఉంది. బిడ్డకు ఇచ్చేసి వచ్చానే అనుకుంటూ మూత తీశాను. సగం సకినాలు తను ఉంచుకుని, సగం నాకు సర్ది పెట్టింది. విరగకుండా మధ్యలో తన నోటుబుక్కు కాగితాలు మడిచి పెట్టింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు, నిద్రపోయి ఉంటుంది. రెండు తిని మిగతావి మూసేశాను.

ఇంటికి చేరేసరికి మర్నాడు మధ్యాహ్నం దాటింది. అత్తమ్మ వాకిట్లోనే కూర్చుని ఉంది. నీళ్ళు ఇచ్చి, "పదిహేను మేడారాలు పోయి వచ్చినవా బిడ్డా" అంది.

ఇప్పుడు శీతాకాలం సెలవులకు బిడ్డ ఇంటికి రావడానికి టికెట్ తీశాం. ఈసారి తన ఒక్కదానిదే ప్రయాణం, అందుకే ఒకటికి రెండుసార్లు చూశాను. చలికాలంలో కోల్‌కతాలో పొద్దున పొగమంచు పడుతుంది, కాబట్టి తెల్లవారుజాము విమానాలు వదిలేశాను. ఆ నెలల్లో పైన పడమటి గాలి బలంగా వీస్తుంది. అటు పోయే విమానానికి వెనకనుంచి తోసే గాలి ఇటు వచ్చేదానికి ఎదురవుతుంది, కాబట్టి కోల్‌కతా నుంచి హైదరాబాద్‌కు రావడానికి పది, పదిహేను నిమిషాలు ఎక్కువే పట్టొచ్చు. మధ్యాహ్నం సిల్చార్‌లో ఎక్కి, కోల్‌కతాలో నాలుగు గంటలు ఆగి, రాత్రికి శంషాబాద్‌లో దిగుతుంది. రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్. అప్పటికి యూరియా సీజన్ ఉండదు, తీసుకురావడానికి మావారే పోతారు. స్టీలు డబ్బా ఖాళీ అయితే తప్పకుండా వెంట తెమ్మని చెప్పాను.